రాజా దీన్‌దయాళ్, మన హాస్టల్ పాత గ్రూప్ ఫోటో

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడాదీ ఒక గొప్ప వ్యక్తి జీవితం వేయడం ఆనవాయితీ. ఫూలే గురించి, భాగ్యరెడ్డి వర్మ గురించి, జాషువా గురించి మన సీనియర్లు ఇదివరకే రాశారు. ఈసారి మా వంతు వచ్చింది. మేము రాస్తున్నది నాయకుని గురించీ కాదు, కవి గురించీ కాదు. సుమారు నూట ఇరవై ఏళ్ల కిందట కన్నుమూసిన ఒక ఫోటోగ్రాఫర్ గురించి. ఆయన పేరు రాజా దీన్‌దయాళ్. మన తార్నాక నుంచి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం దర్బారు ఫోటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకున్నవాడు.

రాజుల ఫోటోలు తీసిన మనిషి మనకెందుకని మాలోనే ఇద్దరు అడిగారు. అడగదగిన మాటే. దానికి జవాబు చెప్పాలంటే ముందు మా ఎన్‌లార్జర్ సంగతి చెప్పాలి.

తార్నాకలో ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపిన మన పూర్వ విద్యార్థి అన్న ఒకరు స్టూడియో ఎత్తేస్తూ తన పాత ఎన్‌లార్జర్‌ను హాస్టల్‌కు ఇచ్చారు. ఈ తరం తమ్ముళ్లకు ఎన్‌లార్జర్ అంటే తెలియకపోవచ్చు. పైన డబ్బాలో బల్బు, దాని కింద కండెన్సర్ అద్దాలు, ఆ కింద నెగెటివ్ పెట్టే అర, మడతల తోలు తిత్తి, చిట్టచివర లెన్సు. చీకటి గదిలో బల్బు వేస్తే నెగెటివ్‌లోని బొమ్మ లెన్సు గుండా దిగి, కింద పరిచిన బ్రోమైడ్ పేపర్ మీద పెద్దదై పడుతుంది. సినిమా హాలును నిలువునా నిలబెట్టినట్టు అనుకుంటే సరిపోతుంది.

ఆ ఎన్‌లార్జర్‌తో పాటు ఒక రేకు డబ్బా నిండా నెగెటివ్‌లు కూడా వచ్చాయి. అందులో 1981 నాటి మన హాస్టల్ గ్రూప్ ఫోటో నెగెటివ్ ఒకటి దొరికింది. యాషికా కెమెరాతో 120 ఫిల్ము మీద తీసిన చతురస్రపు నెగెటివ్. ఎదురుగా పెట్టి చూస్తే మధ్యలో వార్డెన్ సారు, అటూ ఇటూ వరుసలుగా విద్యార్థులు, రెండు చివర్లలో పనివాళ్లు. కుడి చివర నిలబడ్డ ఆమె అప్పట్లో వంటగదిలో కమాటిగా పనిచేసిన అవ్వ. ఆమె మనవడు తర్వాత మన హాస్టల్లోనే చదువుకున్నాడు, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్లింట్లో అవ్వ ఫోటో ఒక్కటి కూడా లేదు. ఈ సంగతి తెలిశాక, వార్షికోత్సవం నాటికి ఆ ఫోటో పెద్దదిగా తీసి ఇస్తామని మేము ఆయనకు మాటిచ్చాం. అప్పటికి మూడు వారాల సమయం ఉంది. ఎన్‌లార్జర్ లెన్సు పాడైపోయి ఉందని ఇంకా మాకు తెలియదు.

లెన్సు వెతుకులాటలో పడి, అసలు ఈ విద్య మన ఊళ్లో ఎవరితో మొదలైందని యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తే దీన్‌దయాళ్ దగ్గర ఆగాం.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనా అనే ఊళ్లో ఒక జైన కుటుంబంలో పుట్టారు. వాళ్లది నగల వ్యాపారం చేసే కుటుంబం. కుర్రవాడు మాత్రం వ్యాపారం వైపు పోలేదు. రూర్కీలోని థామసన్ ఇంజినీరింగ్ కాలేజీలో చేరి సివిల్ ఇంజినీరింగ్ చదివాడు. ఇప్పటి రూర్కీ ఐఐటీ ఆ కాలేజీయే. 1866లో చదువు పూర్తిచేసి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగంలో చేరాడు. అంటే రోడ్లు, భవనాలు కట్టడానికి ఎంత ఖర్చవుతుందో లెక్కలు కట్టడం, కాగితం మీద గీతలు గీయడం ఆయన పని. పాతికేళ్లు కూడా నిండని వయసులో సర్కారు నౌకరీ. మన ఇళ్లల్లో అయితే ఇక చాలు, పెళ్లి చేద్దామనేవాళ్లు.

ఎనిమిదేళ్లు గడిచాక, 1874 ప్రాంతంలో ఆయన చేతికి కెమెరా వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు. ఆ రోజుల్లో మధ్య భారత సంస్థానాల మీద బ్రిటిష్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ, ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్ ఆయన్ను ప్రోత్సహించారు. 1875-76లో ఇంగ్లండు యువరాజు మన దేశం వచ్చినప్పుడు ఆ పర్యటన ఫోటోలు కూడా ఆయన తీశారు.

ఫోటో తీయడమంటే ఇప్పటిలా ఫోను ఎత్తి నొక్కడం కాదు. గాజు పలకను శుభ్రంగా తుడిచి, దాని మీద కొల్లోడియన్ అనే జిగట ద్రవం సమంగా పారించాలి. చీకటి గుడారంలో దాన్ని సిల్వర్ నైట్రేట్ నీళ్లలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీసి, మళ్లీ గుడారంలోకి పరుగెత్తి కడగాలి. అంతా పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. పలక ఆరిపోతే బొమ్మ పోయినట్టే. ఎండాకాలంలో ఆ పని ఊహించుకోండి. మన కెమిస్ట్రీ ల్యాబులో సిల్వర్ నైట్రేట్ వేళ్లకు అంటి నల్లమచ్చలు పడితే నాలుగు రోజులు పోవు. ఆ కాలపు ఫోటోగ్రాఫర్ల వేళ్లు ఎప్పుడూ అలాగే ఉండేవట. 1880 దాటాక ముందుగానే తయారుచేసి ఉంచిన పొడి పలకలు బజారులోకి వచ్చి ఈ తిప్పలు కొంత తగ్గాయి.

ఇంకొక సంగతి మాకు కొత్తగా తెలిసింది. ఆ కాలంలో మామూలుగా ఎన్‌లార్జర్‌తో పని ఉండేది కాదు. గుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని గాజు నెగెటివ్‌కు ఆనించి ఎండలో పెట్టేవాళ్లు. నెగెటివ్ ఎంత ఉంటే ఫోటో అంత. ఎండను అద్దంతో పట్టి లెన్సు గుండా పంపి పెద్దవి తీసే సోలార్ కెమెరాలు ఉండేవి గానీ, వాటికి గంటల కొద్దీ ఎండ కావాలి. కాబట్టి పెద్ద ఫోటో కావాలంటే పెద్ద గాజు పలకే వాడాలి. పది అంగుళాలు, పన్నెండు అంగుళాల పలకలు. అంత పలక మూల మూలకూ వెలుగు అందించగల లెన్సు కావాలి. దీన్‌దయాళ్ కాలపు ఫోటోగ్రాఫర్‌కు అసలు పరీక్ష అక్కడే.

1840లో వియన్నాలో పెట్జ్‌వాల్ అనే ప్రొఫెసర్ లెక్కలు కట్టి తయారుచేసిన పోర్ట్రెయిట్ లెన్సు చాలా వెలుగు లాగేది. మధ్యలో కూర్చున్న మనిషి ముఖం అద్దంలా వచ్చేది. అంచుల దగ్గరికి వచ్చేసరికి బొమ్మ మసకబారి తిరిగిపోయేది. ఒక్క మనిషి ఫోటోకు అది బాగానే పనికొచ్చేది. పదిమందిని వరుసగా నిలబెడితేనే కష్టం. 1866లో లండన్‌లో డాల్‌మేయర్, జర్మనీలో స్టైన్‌హీల్ ఎవరికి వారు ఒకే రకమైన లెన్సు తయారుచేశారు. ముందొక జంట, వెనకొక జంట గాజులు ఎదురెదురుగా పెట్టి, మధ్యలో వెలుగును అదుపుచేసే రంధ్రం ఉంచారు. దానితో గోడలు నిటారుగా వచ్చాయి, అంచులో మనిషి కూడా మధ్యలో మనిషిలాగే కనిపించాడు. భవనాలకూ గ్రూపు ఫోటోలకూ ఆ తర్వాత అలాంటి లెన్సులే వాడుకలోకి వచ్చాయి. దీన్‌దయాళ్ ఉద్యోగంలో చేరిన సంవత్సరం కూడా 1866 కావడం మాకు తమాషాగా అనిపించింది.

ఇక మా లెన్సు సంగతి. ఎన్‌లార్జర్‌కు ఉన్న పాత లెన్సు 75 మిల్లీమీటర్లది. టార్చి వేసి చూస్తే లోపల సాలెగూడులా బూజు. అది కాక, గాజు ముక్కలను అంటించిన జిగురు విడిపోయి, వాననీళ్ల మీద కిరసనాయిలు పడ్డట్టు రంగులు తేలుతున్నాయి. బూజునైనా తుడవవచ్చు గానీ, జిగురు విడిపోయిన లెన్సును మేము బాగుచేయలేం. కొత్తది వేయాల్సిందే.

మా నలుగురిలో ఒకడు పాత సామాన్ల దుకాణంలో ఒక లెన్సు పట్టుకొచ్చాడు. చాలా శుభ్రంగా ఉంది. కానీ మన ఎన్‌లార్జర్ రంధ్రం 25 మిల్లీమీటర్ల థ్రెడ్డుది. వచ్చిన లెన్సుది 39. ఎన్‌లార్జర్ లెన్సుల్లో ఎక్కువగా కనిపించే సైజు ఈ 39యే. రెండింటి మధ్య ఒక ఇత్తడి రింగు చేయిస్తే సరిపోతుందని లేత్ షాపుకు పరుగెత్తాం. ఆయన కొలతలు తీసుకుని చక్కగా చేసి ఇచ్చాడు. తీరా లెన్సు బిగిస్తే రెండు చుట్లు తిరిగి పట్టేసింది. బలవంతంగా తిప్పితే థ్రెడ్డు పోతుందని ఆపేశాం.

తప్పు మాదే. 39 మిల్లీమీటర్లని కొలత మెట్రిక్‌లో చెప్పాం కాబట్టి, ఆయన ఒక్కో చుట్టుకు ఒక మిల్లీమీటరు లెక్కన కోశాడు. ఎన్‌లార్జర్ లెన్సుల థ్రెడ్డు మాత్రం పాత లైకా కెమెరాల కొలత. వెడల్పు మిల్లీమీటర్లలో, చుట్లు మాత్రం అంగుళానికి 26. అంటే చుట్టుకు 0.977 మిల్లీమీటరు. తేడా వెంట్రుకలో సగం కూడా ఉండదు గానీ, రెండు మూడు చుట్లు తిరిగేసరికి అదంతా పోగై బిగుసుకుంటుంది. రెండోసారి వెళ్లి ఆ లెక్క చెబితే ఆయన నవ్వి, గేర్లు మార్చి మళ్లీ కోసి ఇచ్చాడు. రెండో రింగుకు డబ్బులు తీసుకోలేదు. సామాన్ల గది కిటికీకి దుప్పట్లు కట్టి, ఎర్ర బల్బు పెట్టి, ఆ రాత్రే నెగెటివ్ ఎక్కించాం.

బొమ్మ పడింది. మధ్యలో వార్డెన్ సారు మీసాలు కూడా లెక్కపెట్టవచ్చు. రెండు చివర్లూ మాత్రం చీకటి. ఎడమ చివర వాచ్‌మన్ లేడు, కుడి చివర అవ్వ లేదు. వాళ్లు ఉండాల్సిన చోట నెగెటివ్ వెలుగు కిందికి దిగడమే లేదు.

అప్పుడు గానీ లెన్సు మీది అంకె చూడలేదు. అది 50 మిల్లీమీటర్లది. 35 ఎం.ఎం. ఫిల్ము కోసం చేసినది. ఆ ఫిల్ములో ఒక బొమ్మ 24 బై 36 మిల్లీమీటర్లు, మూల నుంచి మూలకు 43. ఆ మేరకు వెలుగు ఇస్తే ఆ లెన్సు పని అయిపోయింది. మన నెగెటివ్ చతురస్రం, భుజం 56, మూల నుంచి మూలకు దాదాపు 79. ఆ నెగెటివ్‌కు 75 గానీ 80 గానీ ఉండాలి. ఎంత మంచి లెన్సయినా తన వలయం దాటి చూడలేదు. రింగు గొడవలో పడి అసలు లెక్క మరిచిపోయాం. అప్పటికి వార్షికోత్సవానికి తొమ్మిది రోజులు.

మళ్లీ దీన్‌దయాళ్ దగ్గరికి వద్దాం. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి ఆయన బుందేల్‌ఖండ్ తిరిగారు. గ్వాలియర్, ఖజురహో, ఓర్ఛా కోటలు, గుళ్లు ఫోటోలు తీశారు. ఆ ఫోటోలతో 1886లో పెద్ద పుస్తకం వచ్చింది. సాంచీ స్తూపాన్ని కూడా ఆ కాలంలోనే తీశారు. ఆ కట్టడాల ఫోటోల్లో డ్రాఫ్ట్స్‌మన్ చెయ్యి తెలిసిపోతుంది. స్తంభం నిలువుగా ఉంటుంది, మెట్టు అడ్డంగా ఉంటుంది, ఎక్కడ నిలబడి తీస్తే కట్టడం పూర్తిగా అర్థమవుతుందో అక్కడే కెమెరా పెట్టినట్టు ఉంటుంది. పాత ఉద్యోగం వృథా పోలేదు.

1885లో వైస్రాయి లార్డ్ డఫరిన్ ఆయన్ను తన ఫోటోగ్రాఫర్‌గా నియమించుకున్నాడు. ముందు సెలవు పెట్టి, తర్వాత సర్కారు ఉద్యోగమే వదిలి దీన్‌దయాళ్ పూర్తిగా ఈ వృత్తిలోకి వచ్చేశారు. హైదరాబాదులో అప్పటికి మీర్ మహబూబ్ అలీఖాన్ నిజాం. పసివాడుగా ఉన్నప్పుడే గద్దెనెక్కి, 1884లో పూర్తి అధికారాలు చేతికి తీసుకున్న యువకుడు. ఫోటోలంటే ఇష్టం. దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో తెరిచారు, నిజాం దర్బారు ఫోటోగ్రాఫర్ అయ్యారు. చార్మినార్, గోల్కొండ, చౌమహల్లా, ఫలక్‌నుమా, దర్బార్లు, విందులు, సైనిక విన్యాసాలు అన్నీ ఆయన పలకల మీదికి ఎక్కాయి. మన యూనివర్సిటీ అప్పటికి లేదు. అది 1918లో మొదలైంది, ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. ఆయన చూడని హైదరాబాదు అది. చూసి ఉంటే ఆర్ట్స్ కాలేజీ ముందు ఎన్ని పలకలు ఖర్చుపెట్టేవారో.

1892లో స్త్రీల కోసం వేరుగా ఒక స్టూడియో పెట్టారు. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు పరాయి మగవాడి కెమెరా ముందుకు రారు కాబట్టి, ఎత్తైన గోడల మధ్య, ఒక ఆంగ్ల మహిళ చేత ఫోటోలు తీయించే ఏర్పాటు చేశారు. ఇది వ్యాపారం తెలిసిన మనిషి పనే గానీ, లేకపోతే ఎందరో ఆడవాళ్ల ముఖాలు ఎక్కడా మిగిలేవి కావు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఫోటోలకు బహుమతి వచ్చింది. 1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. విక్టోరియా రాణి ఫోటోగ్రాఫర్ అనే హోదా కూడా దక్కింది. 1896లో బొంబాయిలో ఇంకొక స్టూడియో తెరిచారు. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ కూడా ఇదే పనిలోకి వచ్చారు. స్టూడియోలో యాభై మంది దాకా పనిచేసేవాళ్లు. పలకలు కడిగేవాళ్లు, కాగితం తయారుచేసేవాళ్లు, ఫోటోలు అట్టల మీద అంటించేవాళ్లు, పద్దులు రాసేవాళ్లు. కింద పడే పేరు మాత్రం ఒక్కటే.

ఇక్కడ మేము ఒక మాట చెప్పాలి. ఆయన ఆల్బమ్‌లు చూస్తుంటే మాకు మెచ్చుకోలూ కలిగింది, మనసు నొచ్చుకోవడమూ జరిగింది. నగలు, ఏనుగులు, పులులు. 1902 ఏప్రిల్‌లో వరంగల్ దగ్గర నెక్కొండలో వైస్రాయి కర్జన్ పులివేటకు వచ్చినప్పుడు, చచ్చిన పులి వెనక కర్జన్ దంపతులు నిలబడ్డ ఫోటో ఆయన స్టూడియోదే. దేశమంతా తెలిసిన ఫోటో అది. నెక్కొండ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి మన హాస్టల్లో చదువుకున్నవాళ్లు ఉన్నారు. నిజాం రాజ్యంలో ఆ రోజుల్లో అధికారుల మకాము ఊరికి వచ్చిందంటే సామాన్లు మోయడం, నీళ్లు తేవడం, అడవిలో డప్పు కొట్టి జంతువులను తోలడం ఎవరి మీద పడేదో మన తాతలు చెప్పగా విన్నాం. దానికి వెట్టి అని పేరు. ఫోటో కింద కర్జన్ పేరుంది, పులి లెక్క ఉంది. ఆ మకాము మోసినవాళ్ల పేర్లు లేవు.

అయితే అదే స్టూడియో 1899-1900 కరువు కాలంలో నిజాం రాజ్యపు ఔరంగాబాదు వైపు కరువు సహాయ పనులను కూడా ఫోటోలు తీసింది. అవీ అధికారులు తీయించినవే, సర్కారు ఎంత మంచి పని చేస్తోందో చూపించుకోవడానికి తీయించినవే. ఆ సంగతి తెలిసీ మేము ఆ ఫోటోల దగ్గరే ఎక్కువసేపు ఆగాం. దర్బారు ఫోటోలో నవాబు గుండీ ఎంత స్పష్టంగా ఉందో, కరువు కూలి ముఖం కూడా అంతే స్పష్టంగా వచ్చింది. లెన్సుకు నవాబెవరో కూలి ఎవరో తెలియదు. ఎటు తిప్పాలో నిర్ణయించేది మనుషులు, ఎంత అంచు దాకా చూడగలదో నిర్ణయించేది గాజు. మొదటిది దీన్‌దయాళ్ చేతిలో కొంతే ఉంది, తీయించుకునేవాళ్ల డబ్బు చేతిలో ఎక్కువ ఉంది. రెండోది మాత్రం ఆయన ఎన్నడూ తప్పలేదు. మా తీర్పు ఇది. ఒప్పుకోని అన్నలు వచ్చే సంచికలో రాయవచ్చు.

మాకు రెండో లెన్సు సికింద్రాబాదులోనే దొరికింది. ముప్పై ఏళ్లు స్టూడియో నడిపి ఇప్పుడు ఇంట్లో ఉంటున్న ఒక పెద్దాయన తన బీరువాలోంచి 75 మిల్లీమీటర్ల లెన్సు తీసి ఇచ్చాడు. డబ్బులు వద్దన్నాడు, పని అయ్యాక లెన్సు తెచ్చి ఇమ్మన్నాడు. దానిదీ 39 థ్రెడ్డే కాబట్టి మన రింగు పనికొచ్చింది.

ఈసారి తొందరపడలేదు. పూర్తిగా నల్లబడ్డ ఫిల్ము ముక్క మీద గుండుసూదితో ఒక చతురస్రం గీసి నెగెటివ్ అరలో పెట్టాం. కింద పడిన చతురస్రం ఒక పక్క పొడవుగా, ఒక పక్క పొట్టిగా ఉంది. అంటే నెగెటివ్, లెన్సు, కింది పలక మూడూ ఒకదానికొకటి సమంగా లేవన్నమాట. రింగు ఒక పక్క అర మిల్లీమీటరు ఎత్తుగా కూర్చుంది. దాని కింద పలుచని అట్టముక్క పెట్టి బిగిస్తే నాలుగు గీతలూ సరిపోయాయి. పూర్తిగా తెరిచిన లెన్సుతో ఫోకస్ పెట్టి, తర్వాత రెండు మెట్లు మూసి ఎఫ్ 8 మీద ఉంచాం. ఎన్‌లార్జర్ లెన్సు ఏదైనా పూర్తిగా తెరిచినప్పటి కంటే రెండు మూడు మెట్లు మూసినప్పుడే అంచుల్లో బాగా పనిచేస్తుంది. బ్రోమైడ్ పేపర్ ముక్క మీద ఐదు సెకన్లు, పది, పదిహేను, ఇరవై అని మెట్లు మెట్లుగా వెలుగు చూపి కడిగి చూస్తే పద్దెనిమిది దగ్గర సరిగ్గా ఉంటుందనిపించింది.

12 బై 15 పేపర్ మీద దాదాపు ఏడు రెట్లు పెంచి వేశాం. డెవలపర్ ట్రేలో ముందు మధ్య వరుస కనిపించింది, తర్వాత ఒక్కొక్కరుగా వచ్చారు. కుడి చివర తెల్ల చీర కనిపించింది. ఆ తర్వాత చేతిలో పట్టుకున్న గరిటె. ముఖం అన్నిటి కంటే ఆలస్యంగా వచ్చింది. మేము అటే చూస్తున్నాం కాబట్టి అలా అనిపించి ఉంటుంది. హైపోలో వేశాక లైటు వేసుకుని నలుగురం వంగి చూశాం. అవ్వ నవ్వడం లేదు. ఫోటో త్వరగా అయిపోతే పొయ్యి దగ్గరికి పోదామన్నట్టు ఉంది.

దీన్‌దయాళ్ చివరి రోజులు సుఖంగా గడవలేదు. 1903లో ఢిల్లీ దర్బారు ఫోటోలు తీశారు. మరుసటి ఏడాది కొడుకు ధరమ్‌చంద్ చనిపోయాడు. ఆ దుఃఖం తగ్గకముందే, 1905 జూలైలో ఆయన కూడా కన్నుమూశారు. స్టూడియో బాధ్యత జ్ఞాన్‌చంద్ మీద పడింది. తర్వాతి కాలంలో ఆ వైభవం క్రమంగా తగ్గిపోయింది. కానీ గాజు పలకలు మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన స్టూడియోవి 2,857 గాజు నెగెటివ్‌లు సేకరించి భద్రపరిచింది. 2006లో ఆయన పేరు మీద తపాలా బిళ్ల వచ్చింది. గాజు పగలకుండా, తేమ తగలకుండా అన్ని వేల పలకలు అన్ని దశాబ్దాలు నిలవడం చిన్న సంగతి కాదు. మన రేకు డబ్బాలో పాతికేళ్లు కూడా ఉండలేక సగం నెగెటివ్‌లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మిగిలినవాటిని విడదీసి, కాగితం కవర్లలో పెట్టి, ఒక్కోదానికి నెంబరు వేశాం. స్టోరు రిజిస్టరులో వెనక పేజీల్లో వివరాలు రాసి ఉన్నాయి.

వార్షికోత్సవానికి ముందురోజు అవ్వ మనవడైన అన్న వచ్చాడు. ఫోటో ఇంకా పూర్తిగా ఆరలేదు, తీగకు క్లిప్పులతో వేలాడుతోంది. దగ్గరికి పోయి చాలాసేపు చూశాడు. తర్వాత అవ్వ చేతిలోని గరిటె చూపించి, అది ఇప్పటికీ వాళ్లింట్లో ఉందని చెప్పాడు. ఇంకొక ప్రింటు అడిగాడు, ఊళ్లో ఉన్న మేనత్తకు పంపడానికి. ఆ రాత్రే వేసి ఇచ్చాం. లెన్సు తీసి తుడిచి పెద్దాయనకు తిరిగి ఇచ్చేశాం. రింగు మాత్రం ఎన్‌లార్జర్‌కే ఉంది, తర్వాత ఎవరికి 39 లెన్సు దొరికినా పనికొస్తుంది.

ఫోటోను ఇప్పుడు డైనింగ్ హాల్లో పెట్టాం. కింద పేర్లు రాయడం మొదలుపెట్టి, పాత హాజరు పట్టీలు చూసి, ఫోన్లు చేసి, నలభై ఒక్క మందిలో ముప్పై ఆరు మందిని గుర్తుపట్టాం. ఐదుగురు మిగిలారు. ఎడమ చివర వాచ్‌మన్ పక్కన, చొక్కాకు పై గుండీ లేని సన్నటి కుర్రవాడు. రెండో వరుసలో కళ్లు మూసుకున్న అతను. వెనక వరుసలో ఒకే ఎత్తున ఉన్న ఇద్దరు, అన్నదమ్ములేమో. అవ్వ వెనక సగం ముఖం మాత్రమే కనిపిస్తున్న ఇంకొకరు. 1980-82 మధ్య హాస్టల్లో ఉన్న అన్నలు ఎవరైనా ఒక్కసారి వచ్చి ఫోటో చూసి, పేర్లు తెలిస్తే ఆఫీసు గదిలో రిజిస్టరులో రాయాలని కోరుతున్నాం. పెన్ను అక్కడే కట్టి ఉంది.